బదిలీ రుసుము: క్రీడల్లోనూ వ్యాపారంలోనూ తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియానికి పిల్లలను ప్రాక్టీసుకు తీసుకొచ్చే తల్లిదండ్రులు, ఆమదాలవలస, నెల్లిమర్ల, బొబ్బిలి వంటి ఊళ్లలో పిల్లలకు ఆట నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులు, విజయనగరంలో ఫ్రాంచైజీ దుకాణాలు నడుపుతున్న వ్యాపారులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. పత్రికల్లో కోట్ల రూపాయల బదిలీ వార్తలు చదివి ఆశపడే కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆ ఆశను సొమ్ము చేసుకునేవారూ ఉన్నారు. అందుకే కొన్ని సమాధానాలు కాస్త పొడవుగా ఉంటాయి.

బదిలీ రుసుము అంటే దేనికి చెల్లించే డబ్బు?

ఒక ఆటగాడికీ ఒక క్లబ్బుకూ మధ్య ఒప్పందం ఇంకా నడుస్తుండగా మరో క్లబ్బు ఆ ఆటగాణ్ణి కోరుకుంటే, మిగిలిన ఒప్పంద కాలాన్ని వదులుకున్నందుకు పాత క్లబ్బుకు కొత్త క్లబ్బు చెల్లించే పరిహారమే బదిలీ రుసుము. "ఫలానా ఆటగాణ్ణి ఇన్ని కోట్లకు కొన్నారు" అని వార్తల్లో రాస్తారు గాని, మనిషిని ఎవరూ కొనరు. ఐదేళ్ల ఒప్పందంలో నాలుగేళ్లు మిగిలి ఉన్న ఆటగాడికి పెద్ద రుసుము అడగడం, ఆరు నెలలే మిగిలి ఉన్న అంతే గొప్ప ఆటగాణ్ణి చాలా తక్కువకు వదిలేయడం అందుకే జరుగుతుంటాయి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే కింది ప్రశ్నల్లో సగానికి సమాధానం దానంతట అదే దొరుకుతుంది.

ఈ పద్ధతి ఎప్పటి నుంచి ఉంది?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఉంది. 1905లో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాడి కోసం మిడిల్స్‌బ్రో క్లబ్బు సండర్లాండ్‌కు 1,000 పౌండ్లు చెల్లించినప్పుడు అంత డబ్బా అని అక్కడి జనం విస్తుపోయారు. 1979లో ట్రెవర్ ఫ్రాన్సిస్ బదిలీతో బ్రిటన్‌లో ఆ మొత్తం పది లక్షల పౌండ్లకు చేరింది. 2017లో నేమార్ బార్సిలోనాను వదిలి పారిస్ సాంజెర్మాంకు వెళ్లినప్పుడు చెల్లించిన 22.2 కోట్ల యూరోలు ఫుట్‌బాల్ చరిత్రలోనే అతి పెద్ద బదిలీ రుసుము.

ఒప్పందం ముగిసిపోయినా పాత క్లబ్బు రుసుము అడగవచ్చా?

ఒకప్పుడు అడిగేవారు, పుచ్చుకునేవారు కూడా. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మాన్ కథ ఇక్కడ తెలుసుకోవాలి. 1990లో లియెజ్ క్లబ్బుతో అతని ఒప్పందం ముగిసింది. కొత్త ఒప్పందంలో నెల జీతాన్ని 1,20,000 బెల్జియన్ ఫ్రాంకుల నుంచి 30,000కు తగ్గిస్తామని క్లబ్బు చెప్పింది. అతను ఒప్పుకోక ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ క్లబ్బుకు వెళ్లబోతే, డబ్బు చెల్లించే స్తోమత డన్‌కర్క్‌కు ఉందా అని లియెజ్ సందేహించడంతో ఆ బదిలీ ఆగిపోయింది. ఒప్పందమే లేని మనిషిని పాత యజమాని ఆపగలుగుతున్నాడు, పైగా అతనికి జీతమూ సరిగా ఇవ్వడం లేదు. ఇందులోని అన్యాయం మీద బోస్మాన్ ఏళ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరిగాడు. చివరకు 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం, ఒప్పందం ముగిసిన ఆటగాడు ఐరోపా సమాఖ్యలోని మరో దేశపు క్లబ్బుకు వెళ్లేటప్పుడు రుసుము అడగడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ పోరాటంలో అతని ఆట కాలం దాదాపుగా కరిగిపోయింది, ఫలితం మాత్రం తరువాతి తరాలకు దక్కింది. 2021లో లియొనెల్ మెస్సీ పారిస్‌కు, 2024లో కిలియన్ ఎంబాపె రియల్ మాడ్రిడ్‌కు పాత క్లబ్బులకు బదిలీ రుసుము లేకుండానే వెళ్లగలిగింది ఒప్పందాలు ముగిసినందువల్లే.

రుసుములో ఆటగాడికి వాటా ఉంటుందా?

సాధారణంగా ఉండదు, అది రెండు క్లబ్బుల మధ్య లావాదేవీ. ఆటగాడికి అందేది కొత్త జీతం, సంతకం చేసినందుకు ఇచ్చే బోనస్. ఒప్పందంలో ముందే రాయించుకుంటే మాత్రం రుసుములో కొంత భాగం ఆటగాడికి రావచ్చు.

విడుదల నిబంధన అంటే ఏమిటి?

ఇంత మొత్తం ముట్టజెబితే ఆటగాణ్ణి ఆపబోమని క్లబ్బు ఒప్పందంలోనే రాసి ఇవ్వడం. స్పెయిన్‌లో వృత్తి ఆటగాళ్ల ఒప్పందాల్లో ఇలాంటి మొత్తం రాయడం ఆనవాయితీ. అక్కడి చట్టం ప్రకారం లాంఛనంగా ఆ డబ్బు చెల్లించేది ఆటగాడే. నేమార్ విషయంలో అతని తరఫు న్యాయవాదులే బార్సిలోనాకు సొమ్ము అందజేశారు. ఒప్పందం చదివే తల్లిదండ్రులు జీతం అంకె దగ్గరే ఆగిపోకుండా ఈ అంకెను కూడా వెతకాలి. జీతం నెలకు ఇరవై వేలు ఉండి, విడుదల మొత్తం రెండు కోట్లు ఉన్న కాగితం మీద సంతకం చేస్తే, ఆ ఒప్పందం ముగిసేదాకా మరో క్లబ్బు తలుపు తెరుచుకోదు.

ఐపీఎల్ వేలంలో పలికే ధర బదిలీ రుసుమేనా?

కాదు. మన దగ్గర అందరూ పొరబడే విషయం ఇదే. వేలంలో పలికిన మొత్తం ఆ సీజన్‌కు ఆటగాడికి ఇచ్చే జీతం. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్లకు తీసుకుంది. ఆ డబ్బు అతని పాత జట్టు ఢిల్లీకి వెళ్లదు, అతనికే వెళ్తుంది.

బదిలీ రుసుముకు దగ్గరగా ఉండేది వేలం బయట జరిగే ట్రేడ్, అంటే జట్లు తమలో తాము ఆటగాళ్లను మార్చుకోవడం. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ టైటన్స్ నుంచి ముంబై ఇండియన్స్‌కు మారినప్పుడు అతనికి బదులుగా మరో ఆటగాణ్ణి ఇవ్వలేదు, వ్యవహారమంతా డబ్బుతోనే నడిచింది. ఆటగాడి సమ్మతి లేకుండా ట్రేడ్ కుదరదు. ఆటగాడు తన జట్టుకు తెలియకుండా మరో జట్టుతో సొంతంగా బేరమాడడమూ కుదరదు. ఆ కారణంగానే 2010 సీజన్‌లో రవీంద్ర జడేజాను ఐపీఎల్ ఆడనివ్వలేదు.

కబడ్డీలో ఎలా ఉంటుంది? సంక్రాంతి పోటీలకు బయటి ఆటగాళ్లను తెచ్చుకుంటాం కదా?

ప్రో కబడ్డీ లీగ్‌లోనూ వేలం పద్ధతే. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకుంది. అది కూడా ఆటగాడి పారితోషికమే.

ఇక పండగ పోటీల విషయం. పక్క మండలం నుంచో, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచో మంచి రైడర్‌ను రెండు రోజులకు పిలిపించి, రానూపోనూ ఖర్చులు పెట్టుకుని, చేతిలో కొంత డబ్బు పెట్టి పంపడం మన ఊళ్లలో ఉన్నదే. అది ఆడినందుకు ఇచ్చే ప్రతిఫలం. అతని సొంత ఊరి జట్టుకు ఏమైనా ఇచ్చినా అది మర్యాద కోసమే తప్ప రుసుము కింద కాదు. అయితే ఆ రెండు రోజుల్లో అతని మోకాలు దెబ్బతింటే ఆసుపత్రి ఖర్చు ఎవరు భరించాలన్నది ముందే మాట్లాడుకోవాలి. చాలా కమిటీలు ఈ ఒక్క మాటా మరిచిపోతున్నాయి.

వెయిట్‌లిఫ్టింగ్ వంటి వ్యక్తిగత క్రీడల్లో బదిలీ రుసుము ఉందా?

లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి నుంచి నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఇప్పుడు బరువులు ఎత్తుతున్న పిల్లల వరకూ ఎవరినీ క్లబ్బులు కొనుక్కోవు, అమ్ముకోవు. రాష్ట్రం మారినా, క్రీడా కోటాలో చేరిన సంస్థ మారినా కావలసింది పాత సంఘం నుంచి నిరభ్యంతర పత్రం.

మా అబ్బాయిని పెద్ద క్లబ్బులో చేర్చడానికి "ట్రాన్స్‌ఫర్ ఫీజు" కట్టమంటున్నారు. కట్టాలా?

కట్టవద్దు. బదిలీ రుసుము కొత్త క్లబ్బు నుంచి పాత క్లబ్బుకు వెళ్లే డబ్బు. ఆటగాడి కుటుంబం దాన్ని ఎవరికో చెల్లించే పరిస్థితి నిజమైన బదిలీలో రాదు. శిక్షణ రుసుము, హాస్టల్ రుసుము వేరు. అకాడమీలు వాటిని బహిరంగంగా ప్రకటించి, రసీదు ఇచ్చి తీసుకుంటాయి.

మన జిల్లాలో ఒక కుటుంబం చేతికి వచ్చిన కాగితం ఎలా ఉందో చెబితే మరికొందరు జాగ్రత్తపడతారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, పైన ఒక విదేశీ క్లబ్బు గుర్తును రంగుల్లో ముద్రించి, కింద "ప్లేయర్ ట్రాన్స్‌ఫర్ అండ్ రిజిస్ట్రేషన్ ఫీజు" అని ఒక మొత్తం వేసి, దాన్ని మూడు వాయిదాల్లో ఒక వ్యక్తి సొంత ఖాతాకు పంపమని రాశారు. క్లబ్బు చిరునామా లేదు, ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో లేదు, జీతం ఊసే లేదు. పిల్లవాడి పేరులో రెండు అక్షరాలు తప్పు. అయినా ఆ తండ్రి మొదటి వాయిదా కోసం జీడితోట తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాడు. పిల్లవాడి ప్రతిభ మీద ఆయనకున్న నమ్మకం నిజం, ఆ కాగితమే అబద్ధం. ఇలాంటి కాగితం ఎవరు తెచ్చినా ముందు జిల్లా క్రీడా సంఘానికీ, అవసరమైతే పోలీసులకూ చూపించండి. డబ్బు అప్పటికే పంపి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయండి.

పదిహేనేళ్ల పిల్లవాడు సంతకం చేసిన ఒప్పందం చెల్లుతుందా?

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ తేల్చింది, నేటికీ అదే చట్టం. అందుకే క్లబ్బులు తల్లిదండ్రుల చేత, సంరక్షకుల చేత సంతకం చేయిస్తాయి. ఆ సంతకంతో బాధ్యత మీ మీదికి వస్తుంది గనుక చదవకుండా పెట్టవద్దు. ఫుట్‌బాల్‌లో మరో కట్టుబాటు కూడా ఉంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాళ్ల అంతర్జాతీయ బదిలీని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిషేధించింది. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఐరోపా క్లబ్బుకు "ట్రాన్స్‌ఫర్" చేయిస్తామనే మాట వినబడితే ఆ మనిషిని నమ్మవలసిన పని లేదు.

పిల్లవాడికి మొదట ఆట నేర్పిన ఊరి క్లబ్బుకు ఏమైనా దక్కుతుందా?

ఫుట్‌బాల్‌లో దక్కుతుంది. ఈ విషయం మన వ్యాయామ ఉపాధ్యాయులందరికీ తెలియాలని మా కోరిక. తెల్లవారుజామున మైదానానికి వచ్చి, సొంత డబ్బుతో బంతులు కొని పిల్లలను తీర్చిదిద్దినవారి పేరు పెద్ద ఒప్పందాల్లో ఎక్కడా కనిపించదు. ఆ శ్రమకు విలువ కట్టే ఏర్పాటును ఫిఫా 2001లో తన బదిలీ నిబంధనల్లో చేర్చింది.

అందులో సంఘీభావ వాటా ఒకటి. ఒప్పందం మధ్యలో వృత్తి ఆటగాడు మరో దేశపు క్లబ్బుకు మారితే, బదిలీ రుసుములో 5 శాతాన్ని తీసి, 12 నుంచి 23 ఏళ్ల వయసు వరకూ అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల వరకు ప్రతి ఏటికీ రుసుములో 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ప్రతి ఏటికీ 0.5 శాతం చొప్పున లెక్క కడతారు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. టెక్కలిలో నమోదైన ఒక క్లబ్బులో 12వ ఏట నుంచి 17వ ఏటి చివరి వరకూ ఆడిన కుర్రవాడు తరువాత పెద్ద జట్టుకు ఎదిగి, 10 కోట్ల రూపాయల రుసుముతో విదేశీ క్లబ్బుకు మారాడనుకుందాం. మొదటి నాలుగేళ్లకు ఏటా రెండున్నర లక్షల చొప్పున 10 లక్షలు, తరువాతి రెండేళ్లకు ఏటా 5 లక్షల చొప్పున మరో 10 లక్షలు, మొత్తం 20 లక్షలు టెక్కలి క్లబ్బుకు రావాలి. ఒక గ్రామీణ క్లబ్బుకు ఏళ్ల తరబడి బూట్లు, బంతులు, ప్రయాణ ఖర్చులకు సరిపోయే డబ్బు అది.

రెండోది శిక్షణ పరిహారం, అంటే శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు కొత్త క్లబ్బు చెల్లించే డబ్బు. ఆటగాడు మొదటిసారి వృత్తి ఆటగాడిగా నమోదైనప్పుడూ, 23 ఏళ్లు నిండే క్యాలెండరు సంవత్సరం ముగిసేలోగా దేశం మారినప్పుడూ ఇది వర్తిస్తుంది.

ఈ డబ్బు రావాలంటే ఆ కుర్రవాడు మీ క్లబ్బు తరఫున సంఘం దగ్గర నమోదై ఉండాలి. 2022 నవంబరు నుంచి ఫిఫా క్లియరింగ్ హౌస్ ద్వారా ఈ చెల్లింపులు జరుగుతున్నాయి. ఏ వయసులో ఏ క్లబ్బులో ఉన్నాడన్నది సంఘాల నమోదు వివరాల నుంచి తీసుకునే ఎలక్ట్రానిక్ ప్లేయర్ పాస్‌పోర్టే చెబుతుంది. హాజరు పుస్తకం మీ బీరువాలో ఎంత జాగ్రత్తగా ఉన్నా, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నమోదు వ్యవస్థలో ఆ పేరు లేకపోతే ఆ ఏళ్లు లెక్కలోకి రావడం కష్టం. కాబట్టి క్లబ్బును జిల్లా, రాష్ట్ర సంఘాలకు అనుబంధం చేయించి, ప్రతి సీజన్ మొదట్లో పిల్లలను జనన ధ్రువపత్రంలో ఉన్న తేదీతోనే నమోదు చేయించాలి. పోటీలో ఆడించడానికి వయసు తగ్గించి రాస్తే తరువాత ఈ వాటా కూడా చిక్కుల్లో పడుతుంది.

ఆడపిల్లలకు కూడా ఇదే వర్తిస్తుందా?

సంఘీభావ వాటా వర్తిస్తుంది. శిక్షణ పరిహారం మాత్రం మహిళల ఫుట్‌బాల్‌కు వర్తించదని ఫిఫా నిబంధనలు చెబుతున్నాయి. రుసుముల భారం మహిళా ఆటగాళ్ల అవకాశాలకు అడ్డు కాకూడదన్నది దాని వెనుక ఆలోచన. అయినా అమ్మాయిలకు నేర్పే చిన్న క్లబ్బులకు మరో రూపంలో అండ దొరకాలన్నది మా అభిప్రాయం.

పెద్ద క్లబ్బులు అంత డబ్బును లెక్కల్లో ఎలా చూపిస్తాయి?

రుసుమును ఒప్పంద కాలం మీద సమానంగా పరుస్తాయి. 50 కోట్లు చెల్లించి ఐదేళ్ల ఒప్పందం చేసుకుంటే ఏటా 10 కోట్ల ఖర్చు రాస్తారు. రెండేళ్ల తరువాత పుస్తకంలో మిగిలేది 30 కోట్లు, అప్పుడు 35 కోట్లకు వదిలేస్తే 5 కోట్ల లాభం. ఖర్చును మరీ పలచగా పరచడానికి ఎనిమిదేళ్ల ఒప్పందాలు చేసుకోవడం మొదలయ్యాక, ఐదేళ్లకు మించి పరచరాదని ఐరోపా ఫుట్‌బాల్ సంఘం 2023లో హద్దు పెట్టింది.

వ్యాపారంలో బదిలీ రుసుము ఎక్కడ వస్తుంది?

ఎక్కువగా ఫ్రాంచైజీల్లో. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక పేరున్న బేకరీ శాఖను మీరు నడుపుతున్నారనుకోండి. దాన్ని మరొకరికి అప్పగించాలంటే కొనేవారు మీకిచ్చే డబ్బు ఒకటైతే, మాతృసంస్థ తన అనుమతి కోసం, కొత్తవారి శిక్షణ కోసం పుచ్చుకునే రుసుము మరొకటి. ఈ రెండోదాన్నే బదిలీ రుసుము అంటారు. మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు గనుక ఒప్పందంలో ఏమి రాసి ఉంటే అదే దారి. రుసుము ఎంత, ఎవరు చెల్లించాలి, మాతృసంస్థ అనుమతి నిరాకరించడానికి కారణం చెప్పాలా వద్దా అన్నవి దుకాణం తీసుకునే రోజే రాయించుకోవాలి. అమ్మే రోజున అడిగితే బేరమాడే బలం మీ దగ్గర ఉండదు.

దుకాణం గుడ్‌విల్‌తో (దుకాణానికి ఉన్న మంచి పేరు, ఖాతాదారుల ఆదరణతో) సహా అమ్మినవారు ఎదురుగానే మరో దుకాణం తెరవవచ్చా?

వృత్తి వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందాలు చెల్లవని కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. దానికి ఉన్న మినహాయింపు సరిగ్గా ఈ సందర్భం కోసమే. గుడ్‌విల్ అమ్మిన వ్యక్తి, కొన్నవారు ఆ వ్యాపారం నడుపుతున్నంత కాలం, నిర్దిష్టమైన ప్రాంతంలో అదే వ్యాపారం చేయనని ఒప్పుకోవచ్చు. ఆ హద్దు న్యాయంగా ఉండాలి. "శ్రీకాకుళం పట్టణ పరిధిలో" అని రాస్తే నిలబడే అవకాశం ఉంది, "భారతదేశమంతటా" అని రాస్తే చిన్న దుకాణం విషయంలో నిలబడడం కష్టం. హద్దే రాసుకోకపోతే ఏడు రోడ్ల కూడలిలో మీ దుకాణం ఎదుటే ఆయన మరో దుకాణం తెరిచినా మీరు చేయగలిగింది చాలా తక్కువ.

ఉద్యోగి కంపెనీ మారితే పాత కంపెనీ రుసుము అడగవచ్చా?

ఆటగాళ్లకు ఉన్నట్టు కంపెనీకీ కంపెనీకీ మధ్య బదిలీ రుసుము ఉద్యోగాల్లో లేదు. దానికి దగ్గరగా వచ్చేవి నోటీసు కాలపు జీతం, శిక్షణ బాండ్ (ఇంతకాలం పనిచేయకుండా వెళ్లిపోతే ఇంత చెల్లిస్తానని ఉద్యోగి రాసిచ్చే పత్రం). పైడిభీమవరం మందుల కంపెనీలో పనిచేసే యువకుడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే, మిగిలిన నోటీసు రోజుల జీతాన్ని కొత్త కంపెనీ భరించి అతణ్ణి త్వరగా చేర్చుకోవడం మామూలే. ఇలా వసూలు చేసే నోటీసు జీతం మీద జీఎస్టీ లేదని 2022 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది.

బాండ్ విషయంలో రెండు తీర్పులు తెలిసి ఉండాలి. క్రికెటర్ జహీర్ ఖాన్‌తో చేసుకున్న ఒప్పందం ముగిశాక కూడా తమకే మొదటి అవకాశం ఇవ్వాలని ఒక ప్రచార సంస్థ పట్టుబడితే, ఒప్పందం ముగిసిన తరువాత అలాంటి షరతు 27వ సెక్షన్ కింద చెల్లదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. మరోవైపు, మూడేళ్లు నిండకుండా వెళ్లిపోతే 2 లక్షలు చెల్లించాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో అదే న్యాయస్థానం సమర్థించింది. ఆ షరతు ఉద్యోగ కాలానికి సంబంధించినదనీ, ప్రభుత్వ రంగ బ్యాంకు మళ్లీ నియామకం జరపడానికి అయ్యే ఖర్చు దృష్ట్యా ఆ మొత్తం అన్యాయం కాదనీ భావించింది. అంటే బాండ్ మీద ఎంత రాసి ఉంటే అంతా కట్టి తీరాలని కాదు, 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన పరిహారానికే కంపెనీకి హక్కు ఉంటుంది. బాండ్‌తో పాటు డిగ్రీ ఒరిజినల్స్ కూడా తమ దగ్గరే ఉంచమని అడిగితే నకళ్లు ఇవ్వండి. ఒరిజినల్స్‌ను తనిఖీకి చూపించి, అదే రోజు ఇంటికి తెచ్చుకోండి.